నీడ జరగని ఆఫీసు

మా ఇంటి ఆడవాళ్లలో కుర్చీలో కూర్చుని జీతం తెచ్చిన మొదటి మనిషి లత. నా తమ్ముడు ముత్యం కోడలు. కోరుట్లలో మా అన్నదమ్ముల ఇళ్లు రెండూ ఒకటే వాకిట్లో ఉంటాయి కాబట్టి ఆమె నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముదిరిందో నా కళ్లతోనే చూశాను. పేరున్న వాళ్ల గురించి రాసేవాళ్లు వేరే ఉన్నారు. లత గురించి రాయాలంటే నేనే రాయాలి.

నేనెవరో కూడా చెప్పాలి. పేరు జలపతి. బీర్పూర్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. లెక్కల్లో నన్ను మించినవాడు ఆ బడిలో లేడు. మాది వ్యవసాయ కుటుంబం, వడ్రంగం మా ఇంటి పని కాదు. మస్కట్ పోయి, ఒక పంజాబీ మేస్త్రీ చేతికింద తిట్లు తింటూ నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక బీర్పూర్‌లో రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. రెండోసారి నా మీద నిలబడేవాడే దొరకలేదు. తర్వాత కోరుట్లలో దుకాణం పెట్టాను. జగిత్యాల వకీళ్ల బల్లలు, సిరిసిల్ల బట్టల దుకాణాల గద్దెలు, ఈ చుట్టుపక్కల ఎన్నో బడుల బెంచీలు నా చేతి మీదుగా పోయినవే. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి, దుకాణం వేరేవాళ్లకు అప్పజెప్పి, ఇంట్లో ఉంటున్నాను. కానీ ఎక్కడికి పోయినా ముందు చూసేది కుర్చీనే. మనిషి ఎట్ల కూర్చున్నాడు, కాళ్లు నేలకు ఆనాయా, వీపుకు ఆసరా ఉందా అని. అది నా అలవాటు.

లతది సిరిసిల్ల. చిన్నప్పుడే తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చింది. ఒళ్లో చాట, చాట అంచుకు ఆనించి పుస్తకం. అట్ల చుడుతూనే డిగ్రీ పాసైంది. ముత్యం కొడుకు సాగర్‌తో పెళ్లయి ఇక్కడికి వచ్చిన తర్వాత సాగర్ బహ్రెయిన్ పోయాడు. మా మరదలు మొగిలవ్వ కోడలి చేతిలో మళ్లీ చాట పెట్టింది.

మా వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు కూర్చునే తీరు ఒకటుంది. పొద్దున తూర్పు గోడ నీడకు కూర్చుంటారు. ఎండ మీదికి వస్తుంటే చాటలు ఎత్తుకుని లేచి, రేకుల కిందికి జరుగుతారు. మధ్యాహ్నం తిరిగాక వేపచెట్టు కిందికి. జరిగినప్పుడల్లా ఒకామె నడుము విరుచుకుంటుంది, ఒకామె ఆకు తడుపుతుంది, ఒకామె పక్కింటి ముచ్చట మోసుకొస్తుంది. ఇదంతా ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. నీడ జరిగితే మనుషులు జరుగుతారు, అంతే. అయినా బీడీ పని పాడు పని. లత తల్లి ఆ పొగాకు దుమ్ముకే దగ్గి దగ్గి పోయింది. లత బిడ్డ శ్వేత నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఆటకు ఆటగా చాట ముందు కూర్చుని ఆకు కత్తిరించబోయింది. లత ఆ కత్తెర గుంజుకుని దూరంగా విసిరింది. ఆ రోజు నా దగ్గరికి వచ్చి, "పెద్ద మామా, నాకు కుర్చీల కూసునే పని ఏదన్న సూడు. నేను చాట ముట్టుకున్నంత కాలం అది గూడ ముట్టుకుంటది" అంది.

చూశాను. బీర్పూర్ దొరల మనవడు అర్జున్ రావు కోరుట్లలో విత్తనాల దుకాణం మీద రెండు గదులు తీసుకుని, ఆస్పత్రుల కాగితాలు చూసి కంప్యూటర్లలోకి ఎక్కించే ఆఫీసు పెట్టాడు. ఆ ఆఫీసుకు బల్లలు, కుర్చీలు చేసింది నేను. నా మాట మీద లతను తీసుకున్నాడు. ఏడాది తిరగకముందే ఆమెను మించి తప్పులేకుండా టైపు కొట్టేవాళ్లు లేకుండా అయ్యారు. అర్జున్ రావే నాతో చెప్పాడు.

ఆ పాత ఆఫీసు ఇరుకుది. కాగితాల అలమార ఒక గదిలో, బల్లలు ఇంకో గదిలో. తాగే నీళ్లు బయట వరండాలో రంజన్ కుండలో. ఫోను అర్జున్ రావు బల్ల మీద ఒక్కటే, ఎవరికి వచ్చినా లేచి పోవాల్సిందే. ఆడపిల్లలు రోజంతా తిరుగుతూనే ఉండేవారు. నేను చేసినవి గట్టి టేకు కుర్చీలు, మెత్తలు కూడా లేవు. వాటి మీద ఎక్కువసేపు కూర్చోలేకపోయేవారు కూడా. అయినా ఆ ఏళ్లలో లత ఒక్కనాడు నడుము పట్టుకోవడం నేను చూడలేదు.

తర్వాత పని పెరిగింది. జగిత్యాల రోడ్డు మీద మూడో అంతస్తులో కొత్త ఆఫీసు తయారైంది. అర్జున్ రావు భార్య ప్రియదర్శిని హైదరాబాద్‌లో ఆఫీసులకు నమూనాలు గీసే చదువు చదివింది. దగ్గరుండి ఆమే చేయించింది. తెరిచిన రోజు నన్ను ప్రత్యేకంగా పిలిచి, చేయి పట్టుకుని తిప్పి చూపించింది.

"చూడండి కాకా, నీళ్ల సీసాకు చోటు ఇక్కడే. ఫోన్ చెవికే ఉంటుంది. కాగితాలన్నీ తెర మీదికే వస్తాయి. బ్యాగుకు కాళ్ల దగ్గర పెట్టె. పాపం, ఎవరూ దేనికీ లేవాల్సిన పనే లేదు."

కుర్చీలు చక్రాల మీద తిరుగుతున్నాయి. వెనక్కి వాలితే వాలుతున్నాయి. చల్లటి గాలి. కిటికీలకు తెరలు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. ఒక కుర్చీలో కూర్చుని, "మస్కట్ల షేకు గూడ గిట్లాంటి దాంట్ల కూసోలేదు బిడ్డా" అన్నాను. అందరూ నవ్వారు. లత తన కుర్చీని ఒకసారి చేత్తో తుడిచి కూర్చుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ యాది ఉంది.

ఆ నవ్వులు చాలా కాలం నిలవలేదు. తెర మూలన ఒక చిన్న ఆకుపచ్చ చుక్క ఉంటుందట. చేయి ఆగితే కాసేపటికి అది పసుపు అవుతుందట. పసుపైన పేర్లు సూపర్‌వైజర్ హరీశ్ ముందు కనబడతాయి. పని ఇచ్చే పై కంపెనీకీ పోతాయి. నీళ్లకు లేవనక్కర లేదు కాబట్టి ఎవరూ లేవరు. లేస్తే ఎందుకు లేచినట్టో అందరికీ తెలుస్తుంది కాబట్టి, ఆడపిల్లలు నీళ్లు తాగడమే తగ్గించారు. పొద్దున కూర్చుంటే తిండికే లేవడం, తిని కూర్చుంటే మళ్లీ సాయంత్రానికే. ఆరు నెలలు గడిచేసరికి లత ఆటో దిగేటప్పుడు ఆటో కమ్మీ పట్టుకుని, కాసేపు అట్లనే వంగి నిలబడి, తర్వాత నడవసాగింది. ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడి అన్నం తినేది.

మొగిలవ్వ ఊరుకునే మనిషి కాదు.

"బండలు మోసినవా బిడ్డా? కూసునే గదా అచ్చినవు!"

"కూసునుడే అత్తా, కూసునుడే నొప్పి."

"నేను నలపై ఏండ్లు కూసున్న. నా నడుం సూడు, రోకలి బండ."

"మీకు నీడ జరుగుతది అత్తా, లేస్తరు. మాకు గా ఏసీల నీడ జరుగది."

మొగిలవ్వ ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే గా ఏసీ బందు పెట్టుమను" అంది. లత నవ్వబోయి నడుము పట్టుకుంది.

జగిత్యాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఫొటో తీసి చూసి, వెన్నుపూసల మధ్య గుజ్జు జరిగిందన్నాడు. మందులిచ్చాడు, నడుముకు పట్టీ ఇచ్చాడు. "మందులు కాదమ్మా ముఖ్యం. మాటిమాటికి లేవాలి. నాలుగడుగులు వేయాలి. ఇట్లనే కూర్చుంటే ఆపరేషన్ దాకా పోతది. ఆ తర్వాత నువ్వు కుర్చీలనే కాదు, మంచంల గూడ సక్కగ కూసోలేవు" అన్నాడు.

బస్సులో వస్తూ లత కిటికీలోంచి చూస్తూ ఉంది. నేను అడిగాను.

"ఇడిసిపెడితే ఏమైతది బిడ్డా?"

"ఇడిసిపెడితే చాటనే గద పెద్ద మామా. శ్వేతకు ఏం జెప్పాలె? చదువుకో బిడ్డా, చదువుకుంటే గిట్ల అయితదని చెప్పాల్నా?"

అలసిపోయిన మనిషికి ధైర్యం చెప్పడం కూడా ఒక బరువు మోపడమే అనిపించి, ఆమె ఒళ్లోని మందుల సంచి తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఒకరోజు ఆమె నడుము పట్టీ ఇంట్లో మరిచిపోయింది. నేను తీసుకుని పోయాను. లిఫ్టు చెడిపోయి ఉంది, ఆ తర్వాతా బాగు కాలేదు. మూడంతస్తులు మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాను. అద్దాల తలుపు తోసి లోపలికి పోగానే ఆడపిల్లలందరూ లేచి నిలబడ్డారు.

ఇది మా దిక్కు పద్ధతి. ఇంటికి పెద్దమనిషి వస్తే కూర్చున్నవాళ్లు లేస్తారు. ఆఫీసైనా, బస్టాండైనా అంతే. నేను వార్డు మెంబరుగా ఉన్నప్పుడు హోటల్లోకి పోతే సగం హోటలు లేచేది. చాలా కాలం తర్వాత మళ్లీ అట్ల లేచేసరికి నాకు పానం లేచొచ్చింది.

"కూసోండ్రి బిడ్డా, కూసోండ్రి" అన్నాను. ఎవరూ కూర్చోలేదు. పెద్దమనిషి నిలబడి ఉండగా వాళ్లెట్ల కూర్చుంటారు? హరీశ్ పరుగెత్తుకొచ్చి నన్ను సోఫాలో కూర్చోబెట్టాడు. అప్పుడు కూర్చున్నారు. వచ్చేటప్పుడు నేను లేస్తే మళ్లీ లేచారు.

ఆ సాయంత్రం లత నా గుమ్మం ముందు నిలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజులకు చూశాను ఆ నవ్వు.

"పెద్ద మామా, ఇయ్యాల నీ పుణ్యాన రెండు సార్లు లేసినం. హరీశ్ సార్ నోరు ఎత్తలేదు. ముసలాయన అచ్చిండు, లేవద్దని ఎట్లంటడు?"

"ముసలాయన ఎవ్వడే?"

"నువ్వు గాదు, హరీశ్ సార్ అట్ల అన్నడు. రేపు గూడ రారాదూ!"

పోయాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఒకరోజు టిఫిన్ డబ్బా నెపం, ఒకరోజు మందు గోలి నెపం, తర్వాత నెపాలు కూడా మానేశాను. ఊరికే లేచి కూర్చుంటే చాలదని, ఒక్కొక్క పిల్ల దగ్గరా ఆగి అడిగేవాణ్ని.

"ఎవ్వల బిడ్డవు నువ్వు?"

"మాది ఎల్లంతకుంట తాతా. కొమురెల్లి మనుమరాలిని."

"ఏ కొమురెల్లి? బాయిల దుంకి బర్రెను తీసిన కొమురెల్లా?"

"అవును తాతా!" అని అది నవ్వితే పక్కవాళ్లు నవ్వేవారు. నేను ముచ్చట పెట్టినంతసేపూ వాళ్లు నిలబడి కాళ్లు మార్చుకునేవారు, మెడలు తిప్పుకునేవారు. కొందరు వెనక నిలబడి నడుములు విరుచుకోవడం నాకు కనబడేది. మస్కట్‌లో నేను చేసిన తలుపులు ఎందరికి పనికొచ్చాయో తెలియదు గానీ, ఈ తిరుగుడు మాత్రం పదిమందికి పనికొస్తోందని రోజూ మెట్లెక్కాను. రాత్రి మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే నా భార్య, "ఈ వయసుల నీకు ఆఫీసు డ్యూటీ దొరికిందా?" అనేది. దొరికిందన్నాను.

వానాకాలం మొదలయ్యే దాకా అట్ల నడిచింది. లత కొద్దిగా తేలికపడింది కూడా.

ఒక మధ్యాహ్నం అర్జున్ రావు తన అద్దాల గదిలోంచి బయటికి వచ్చాడు. అంతకుముందు కొన్ని రోజులుగా కెమెరాలో చూస్తున్నాడట. నేను ఒక పిల్లతో మాట్లాడుతున్నాను. అందరూ నిలబడి ఉన్నారు. అతని ముఖం ఎర్రబడింది. కోపమనుకున్నాను. కాదు, సిగ్గు.

"కాకా, లోపలికి రండి" అని తీసుకుపోయి, తన కుర్చీ పక్కనే నన్ను కూర్చోబెట్టాడు. "మీకు నేను చెప్పేంతవాణ్ని కాదు. కానీ ఇది మంచిగ లేదు. మా తాత గడీలో కూర్చుంటే ఊరంతా నిలబడేది. మీ నాయన గూడ నిలబడ్డడు. అవునా, కాదా?"

"అవును దొరా."

"అగో, దొర అనొద్దు. నేను ఈ ఆఫీసు పెట్టినప్పుడు ఒక్కటే అనుకున్న. నేను లోపలికి వస్తే ఒక్కరు గూడ లేవొద్దని. ఆడపిల్లలు కుర్చీలో కూర్చుని, ధీమాగ పని చేసుకోవాలని. ఇప్పుడు మీకు లేస్తున్నరు. రేపు నాకు లేస్తరు."

ఆ మాటలో అబద్ధం లేదు. మా నాయన అతని తాత ముందు ఒక్కనాడు కూర్చోలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని, సిగ్గుపడే మనవడు ఉండడం చిన్న సంగతి కాదు. "మంచిది బిడ్డా" అని లేచి వచ్చాను. నేను వస్తుంటే పిల్లలు మళ్లీ లేచారు. అద్దంలోంచి అతను చూస్తూనే ఉన్నాడు.

మరునాడు పోయేసరికి గోడ మీద పెద్ద అక్షరాలతో పలక ఉంది. "ఈ ఆఫీసులో ఎవరూ ఎవరి కోసమూ లేచి నిలబడనవసరం లేదు. అందరూ సమానమే." నన్ను చూసి పిల్లలు సగం లేచారు. కుర్చీల చేతుల మీద చేతులు ఆనించి, పలక వైపు చూసి, మళ్లీ కూర్చున్నారు. ఎల్లంతకుంట పిల్ల తల వంచుకుంది. నేను సోఫాలో కూర్చున్నాను. నాకు అవమానమేమీ అనిపించలేదు.

లత ఒక్కతే లేచింది. తెర మీద చుక్క పసుపు అయి ఉంటుంది. హరీశ్ "లతక్కా" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. నేరుగా అర్జున్ రావు గది తలుపు తీసింది. తలుపు మూయలేదు కాబట్టి మాటలన్నీ మాకు వినబడ్డాయి.

"సార్, మేం పెద్ద మామకు లేస్తలేం. మా నడుములకు లేస్తున్నం. లేవనీకె వేరే సాకు లేక ఆయన్ను మెట్లు ఎక్కిపిస్తున్నం."

"నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అర్జున్ రావు.

"ఏమని చెప్పాలె సార్? గింత మంచి కుర్చీ ఇచ్చిండ్రు, కూసోబుద్ధి అయితలేదని చెప్పాల్నా?"

"ఆ చుక్క నా చేతుల లేదు లతా. పై కంపెనీ పెట్టింది. పసుపు ఎక్కువైతే పని ఇంకో ఊరికి పోతది. మీరందరూ ఇంటికి పోతరు. నేను అడుగుత. అడిగి చూస్త. కానీ ఎప్పుడైతదో చెప్పలేను."

"నా నడుం అప్పటిదాక ఆగది సార్. డాక్టర్ చెప్పిండు." మళ్లీ ఆమే అంది. "సంచుల గది నాకు ఇయ్యుండ్రి."

సంచుల గది అంటే ఆఫీసు వెనకాల ఒక చిన్న గది. ఊళ్ల ఆస్పత్రుల నుంచి కాగితాలు సంచుల్లో వస్తాయి. వాటిని విప్పి, వేరు చేసి, మిషన్‌లో ఒక్కొక్కటి ఫొటో తీసి లోపలికి పంపాలి. రోజంతా నిలబడి, వంగి, తిరిగే పని. అక్కడ చుక్క లేదు, ఏసీ లేదు, కుర్చీ కూడా లేదు. ఆ పని చేసే అటెండర్ పోశం దుబాయి పోయి నెల కావొస్తోంది.

"అది అటెండర్ పని. నువ్వు సీనియర్‌వి. వచ్చే నెల హరీశ్ పక్కన నిన్ను పెడదామనుకుంటున్న."

"నా నడుం గూడ సీనియర్ అయింది సార్. పనికి ఏం పేరు పెట్టుకున్నా మీ ఇష్టం. నాకు తిరుగుడు కావాలె."

"జీతం అంత రాదు."

"తెలుసు."

ఇంత జరుగుతుంటే హరీశ్ తెర మీద ఎన్ని పేర్లు పసుపుపచ్చగా ఉన్నాయో నాకు తెలియదు. పిల్లలెవరి చేతులూ కదలడం లేదు.

నాకు ఈ పని నచ్చలేదు. ఇంటికి వచ్చాక చెప్పాను కూడా. డిగ్రీ చదివి, అందరికంటే తప్పులేకుండా పని చేసిన మనిషి, తాను పని నేర్పిన పిల్లల కాగితాలు మోయడమేంటి? నా మాట మీద దొరికిన కుర్చీ అది. ఆ కుర్చీలో ఇప్పుడు ఎల్లంతకుంట పిల్ల కూర్చుంటుందట. మొగిలవ్వ మాత్రం ఆ రోజు ఒక్క ఎకసెక్కెం కూడా ఆడలేదు. కోడలి నడుముకు వేడినీళ్ల గుడ్డ కాపడం పెట్టి, "నిలబడే పనంటె కాళ్లు గుంజుతయి బిడ్డా, చూసుకో" అంది అంతే.

నెల పైన గడిచింది. ఒకసారి పోయి చూశాను. ఎవరూ లేవలేదు, నేను కూడా ఎవరి దగ్గరా ఆగలేదు. వెనక గదిలో లత చీర కొంగు నడుముకు చెక్కి, సంచి మూతి విప్పుతోంది. చెమటలు కారుతున్నాయి. గదంతా పాత కాగితాల వాసన. నన్ను చూసి, కూర్చోబెట్టడానికి అటూ ఇటూ చూసింది. ఒక నిండు సంచిని దులిపి దాని మీద కూర్చోమంది.

"గీ మెట్లు ఇంక ఎక్కకు పెద్ద మామా. నీ మోకాళ్లు పోతయి" అంది, కాగితాలు వేరు చేస్తూనే. ఒక కట్ట లోపల ఇవ్వడానికి పోయి, ఇంకో కట్ట తీసుకుని వచ్చింది. లోపలి నుంచి ఎవరో "అక్కా, గీ కాగితం సగమే అచ్చింది" అని పిలిస్తే మళ్లీ పోయింది. నిలకడ లేదు. కానీ నడుము మీద చెయ్యి కూడా లేదు.

"సార్ అడిగిండా, గా చుక్క సంగతి?" అన్నాను.

"అడిగిండట. చూస్తం అన్నరట." ఆమె ఇంకో సంచి మూతి విప్పింది. "గా ఎల్లంతకుంట పిల్లకు నిన్నటిసంది మెడ పట్టేసింది."

ఆ సాయంత్రం మా వాకిట్లో అందరం కలిసి తిన్నాం. శ్వేత నోటుపుస్తకంలో ఏదో రాస్తూ, "అమ్మా, నువ్వు ఇప్పుడు ఆఫీసుల ఏం పని చేస్తవు?" అని అడిగింది. లత కొంచెం ఆలోచించి, "కాగితాలు వచ్చే దగ్గర ఉంట" అంది. తర్వాత అన్నం పళ్లెం పట్టుకుని, మా అందరితో పాటు నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. నిలబడి తినకుండా, గోడకు ఆనకుండా. మొగిలవ్వ ఇంకో గరిటె పప్పు వేసింది. తినడం అయ్యాక లత లేచి, అందరి పళ్లేలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, గిన్నెలు కడిగే జాలారి దిక్కు పోయింది.